చెంచా మళ్లీ కింద పడింది!

రెండేళ్ల పిల్లాడున్న ఇంట్లో టీవీ రిమోట్ ఎక్కడుందో గట్టిగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ ఉండరు. సోఫా సందులో ఉండొచ్చు, బియ్యం డబ్బాలో ఉండొచ్చు, బాత్రూమ్ బకెట్లో తేలుతూ ఉండొచ్చు. ఆ ఇంట్లో పెరుగన్నం తెల్లగానే ఉండాలి. తాలింపులోంచి ఒక్క ఆవగింజ జారిపడినా గిన్నె మొత్తం వెనక్కి. నీళ్లు నీలం గ్లాసులోనే తాగాలి. లిఫ్టు బటన్ తనే నొక్కాలి. తెలియక నాన్న నొక్కేస్తే అందరూ మళ్లీ కిందికి దిగి, బయటికొచ్చి, మొదట్నుంచీ ఎక్కాల్సిందే. అరటిపండు ఒలిచి ఇస్తే ఎందుకు ఒలిచావని ఏడుపు. సరేనని ఇంకోటి ఒలవకుండా ఇస్తే, ఎందుకు ఒలవలేదని ఏడుపు.

ఇవన్నీ పక్కింట్లో జరిగితే కడుపు పట్టుకుని నవ్వుతాం. మనింట్లో, అదీ ఆఫీసు క్యాబ్ కింద హారన్ కొడుతున్నప్పుడు జరిగితే మాత్రం చెయ్యి లేస్తుంది.

ఈ వింత అలవాట్లలో చాలావాటికి ఎదుగుదలలోనే కారణం ఉంది. వయసుతో వస్తాయి, వయసుతోనే పోతాయి. కొన్ని మాత్రం పోకపోగా ముదురుతాయి. ఎందుకు ముదిరాయని ఆరా తీస్తే చాలాసార్లు పెద్దవాళ్ల దగ్గరే తేలుతుంది. అలవాటు పిల్లలదే, దాన్ని మేపేది మనం.

హంస బొమ్మ పడిన చోటు

అన్నం దగ్గర కూర్చోబెట్టగానే చెంచా కిందికి. తీసి ఇస్తాం. మళ్లీ కిందికి. మూడోసారి మన మొహంలోకి చూస్తూ మరీ వదులుతాడు. ‘కావాలనే చేస్తున్నాడు చూడు’ అంటాం. నిజమే, కావాలనే చేస్తున్నాడు.

డీఎస్సీకి చదివినవాళ్లందరికీ జీన్ పియాజే పేరు కంఠతా వచ్చి ఉంటుంది. స్విట్జర్లాండుకు చెందిన ఈ మనస్తత్వవేత్త తన సొంత పిల్లలు ముగ్గురినీ పుట్టినప్పటినుంచీ గమనిస్తూ పుటలకొద్దీ నోట్సు రాసుకున్నాడు. 1936లో వచ్చిన పుస్తకంలో కొడుకు లొరాన్ గురించి ఒకచోట రాస్తాడు. అప్పటికి వాడికి పది నెలలు. వెల్లకిలా పడుకుని సెల్యులాయిడ్ హంస బొమ్మ పట్టుకుంటాడు, చెయ్యి చాచి వదిలేస్తాడు. ఒకసారి చెయ్యి పైకెత్తి, ఒకసారి పక్కకు చాపి, ఒకసారి కళ్లముందు నుంచి. బొమ్మ దిండు మీదో, మరో కొత్తచోటో పడిందంటే సరిగ్గా అక్కడే ఇంకో రెండుమూడుసార్లు వదిలి చూస్తాడు. ఏ తండ్రయినా నాలుగోసారికి బొమ్మ లాక్కుని బీరువా మీద పెట్టేవాడు. పియాజే కలం తీశాడు. (నేల తుడిచే పని ఆయన వంతుకు వచ్చి ఉండదని నా అనుమానం.)

వస్తువు వదిలితే ఏమవుతుంది, ఎక్కడ పడుతుంది, ఎలాంటి చప్పుడు చేస్తుంది... ఇదంతా వాడు మొదటిసారి తెలుసుకుంటున్నాడు. దాంతోపాటు ఇంకోటి కూడా. చెంచా పడితే టంగుమంటుంది, అమ్మ ‘అయ్యో!’ అంటుంది. రెండోది మొదటిదానికంటే రుచిగా ఉంటే ఆట చెంచా మీదినుంచి అమ్మ మీదికి మళ్లుతుంది. అందుకే అనుభవమున్న తల్లులు చేసే పని చాలా సాదాగా ఉంటుంది. పడేసే ఆటకు వేరే వేళ, వేరే వస్తువులు ఇస్తారు: బకెట్టూ బంతులూ, స్టీలు గిన్నెలూ చెక్క గరిటెలూ. అన్నం దగ్గర మాత్రం రెండుసార్లు తీసిస్తారు, మూడోసారి ‘తినడం అయిపోయిందా? సరే’ అని కంచం తీసేస్తారు. కోపమూ లేదు, ‘అయ్యో’ కూడా లేదు. ప్రయోగానికి ఫలితం రాకపోతే ఎంతటి పట్టుదలగలవాడైనా ఇంకో పని చూసుకుంటాడు.

చందమామ మన బండి వెనకే ఎందుకొస్తున్నాడు?

మూడేళ్లు వచ్చేసరికి చేతుల్లోని అల్లరి నోట్లోకి వస్తుంది. చందమామ మన బండి వెనకే ఎందుకొస్తున్నాడు? తాతయ్యకు జుట్టెందుకు లేదు? చేపలకు చలెయ్యదా? నేను పుట్టకముందు ఎక్కడున్నాను? హార్వర్డ్‌కు చెందిన పాల్ హారిస్ వేసిన అంచనా ప్రకారం, పిల్లలు రెండేళ్లనుంచి అయిదేళ్లలోపు వివరణ కోరుతూ అడిగే ప్రశ్నలే సుమారు 40 వేలు. సగం రోజు నిద్రలోనే గడిపేవాళ్లకు ఇది తక్కువ లెక్కేమీ కాదు.

మనల్ని విసిగించడానికే అడుగుతారని అనిపిస్తుంది. 2009లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు అచ్చంగా దీన్నే పరీక్షించారు. సరైన కారణం చెప్పినప్పుడు పిల్లలు తలూపారు, లేదంటే దానికి ముందడుగైన ఇంకో ప్రశ్న వేశారు. దాటవేసే జవాబు వచ్చినప్పుడు అదే ప్రశ్న మళ్లీ అడిగారు, లేదా కారణాన్ని తామే అల్లుకున్నారు. మన ఇళ్లలో ఎక్కువగా దొరికే జవాబు ‘ఊరికే’. చందమామ ఎందుకొస్తున్నాడు? ఊరికే. చీమలెందుకు వరసగా పోతున్నాయి? ఊరికే. ఇక ఆ ప్రశ్న సాయంత్రం దాకా తిరిగి తిరిగి రాక ఏం చేస్తుంది!

‘చందమామ చాలా చాలా దూరంలో ఉన్నాడు నాన్నా. దగ్గరగా ఉన్న చెట్లు వెనక్కి పోతాయి, దూరంగా ఉన్నవి పోనట్టే కనిపిస్తాయి’ అంటే మూడేళ్లవాడికి సగమే అర్థమవుతుంది. ఆ సగంతోనే కాసేపు కిటికీలోంచి చెట్లను చూస్తూ కూర్చుంటాడు. ఓపిక అస్సలు లేనప్పుడు ‘నీకేమనిపిస్తోంది?’ అని ఎదురు అడగండి. మనకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది, పైగా చాలాసార్లు మన జవాబుకంటే వాళ్లదే బాగుంటుంది.

రోజూ అదే కథ, అదే పేజీ, ఒక్క ముక్క మార్చి చెప్పినా ‘అలా కాదు!’ అని గద్దించడం కూడా ఈ జాతిదే. సస్సెక్స్ విశ్వవిద్యాలయంలో 2011లో జెస్సికా హోర్స్ట్ బృందం మూడేళ్ల పిల్లల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు అవే కథలు మళ్లీ మళ్లీ, రెండో జట్టుకు వేర్వేరు కథలు చదివి వినిపించింది. కొత్త పదాలు రెండు జట్లకూ సమానంగానే వినిపించాయి, బాగా పట్టుబడింది మాత్రం మొదటి జట్టుకే. కాబట్టి ఏడు చేపల కథ ఎన్నోసారి చెబుతున్నారో లెక్క పెట్టుకోకండి.

అమ్మ కోర్టు, నానమ్మ కోర్టు

ఇక అసలు సంగతి, మారాం. కిరాణా కొట్టులో పిల్లల కంటికి అందే ఎత్తులోనే ఎందుకు వేలాడదీస్తారోగానీ ఆ చిప్సు ప్యాకెట్లు, సగం పేచీలు అక్కడే పుడతాయి. వద్దంటాం. గునుస్తాడు. గట్టిగా వద్దంటాం. నేలమీద పడి దొర్లుతాడు.

ఈ దొర్లుడు గురించి చాలాకాలంగా పరిశోధనలు నడుస్తున్నాయి. 1931లోనే మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్లారెన్స్ గుడెనఫ్ తల్లులచేత డైరీలు రాయించి పిల్లల కోపాల్ని నమోదు చేసింది. ఆకలి వేళ, నిద్ర చాలనప్పుడు, ఒంట్లో నలతగా ఉన్నప్పుడు పేచీలు ఎక్కువని ఆ డైరీల్లో తేలింది. ఈమాట మన అమ్మమ్మలు డైరీ లేకుండానే చెబుతారు: ‘వాడికి నిద్రొస్తోందే, అందుకే ఆ ఏడుపు.’ అదే మిన్నెసోటాలో మైకేల్ పొటెగల్ ఏళ్లతరబడి మారాం మీదే పనిచేశాడు. పేచీలు ఎక్కువభాగం అయిదు నిమిషాల్లోపే ముగుస్తాయని 2003లో ప్రకటించాడు. తర్వాత పిల్లల దుస్తుల్లో చిన్న మైకు పెట్టి ఆ ఏడుపుల్ని రికార్డు చేయించాడు. కేకలు, అరుపులు కోపానివి. వెక్కిళ్లు, మూలుగులు దుఃఖానివి. కోపం త్వరగా ఎగసి దిగిపోతుంది, దుఃఖం మొదట్నుంచి చివరిదాకా అడుగున పారుతూనే ఉంటుంది. కేక పెడుతున్న క్షణంలో ‘ఎందుకేడుస్తున్నావ్? ఏం కావాలి? చెప్పు, చెప్పు!’ అని ప్రశ్నలు గుప్పిస్తే కోపానికి ఎండుపుల్లలు అందించడమే. దెబ్బ తగలకుండా చూసుకుంటూ, మాటలు తగ్గించి, పక్కన ఉంటే చాలు. కోపం దిగిన మరుక్షణం వాడే వచ్చి ఒళ్లో పడతాడు. అప్పుడు దగ్గరికి తీసుకుంటే లొంగిపోయినట్టు కాదు.

అయిదు నిమిషాలే కదా, మరి గంటలకొద్దీ సాగే పేచీలు ఎక్కడివి? దానికి జవాబు తెలుగిళ్ల హాల్లో దొరుకుతుంది. అమ్మ వద్దంది. పిల్లాడు ఏడుస్తూ నాన్న దగ్గరికెళ్లాడు. నాన్న ఫోన్లోంచి తలెత్తకుండా ‘అమ్మనడుగు’ అన్నాడు. అప్పీలు నానమ్మ దగ్గరికి వెళ్లింది. ‘పసివాణ్ని ఏడిపిస్తార్రా! ఇంత చాక్లెట్టుకేనా?’ అని ఆవిడ కొంగుముడి విప్పింది. కేసు గెలిచాడు. మూడేళ్లవాడికి చట్టం తెలియకపోయినా, ఏ కోర్టులో తీర్పు అనుకూలంగా వస్తుందో మాత్రం బాగా తెలుసు. తాతయ్య బెంచి ఏ వేళ మెత్తగా ఉంటుందో కూడా తెలుసు.

దీని వెనక గట్టి సూత్రమే ఉంది. ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1957లో అచ్చేసిన లావుపాటి పుస్తకమంతా దీని గురించే. ఒక పనికి ప్రతిసారీ ఫలితం దక్కి, తర్వాత ఆగిపోతే ఆ పనిని త్వరగానే మానేస్తాం. ఎప్పుడో ఒకసారి, చెప్పాపెట్టకుండా దక్కుతూ ఉంటే మాత్రం వదలనే వదలం. లాటరీ టికెట్లు కొనేవాళ్లను చూడండి. తొమ్మిదిసార్లు కాదని పదోసారి ‘పోనీలే’ అనే ఇల్లు పిల్లాడికి నేర్పే పాఠం, పదోసారిదాకా ఏడవమనే. ఇంకో చిక్కూ ఉంది. ఇన్నాళ్లూ ఇచ్చి, ఇవాళ ఇవ్వొద్దని అందరూ కూడబలుక్కుంటే పేచీ తగ్గేముందు ఒకసారి విపరీతంగా పెరుగుతుంది. సరిగ్గా అక్కడే చాలా ఇళ్లు చేతులెత్తేస్తాయి.

నా ఉద్దేశంలో, ఇవ్వదలచుకున్నది మొదటిమాటకే ఇచ్చేయడం మేలు. చాక్లెట్టు ఒకటి తింటే కొంపేం మునగదు. ఇవ్వకూడదనుకున్నవి మాత్రం మూడో నాలుగో చాలు: రోడ్డు మీద చెయ్యి విడిపించుకోవడం, స్టవ్ దగ్గరికి వెళ్లడం, కొట్టడం, కొరకడం. వీటి విషయంలో నానమ్మతో సహా అందరిదీ ఒకటే తీర్పు అయ్యుండాలి. మిగతావాటిలో ఆవిడ గారాబం ఆవిడది. ఆ వయసులో ఆవిడకు ఆమాత్రం హక్కు లేకపోతే ఎలా?

బెదిరింపుల గురించి ఒక్కమాట. ‘అన్నం తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సూదిమందు వేయిస్తా’ అని ఏడాదిపాటు చెప్పిన తల్లే, అయిదో ఏట టీకాకి తీసుకెళ్లి ‘భయమెందుకు కన్నా, డాక్టరు మంచాయన’ అంటుంది. ఎవరు నమ్ముతారు? బూచోడయినా పర్లేదుగానీ, రేపు మనకు అవసరమయ్యే మనుషుల్ని బూచోళ్లను చేయకూడదు.

వరండా చివరిదాకా ఒక ముద్ద

అపార్టుమెంట్లలో సాయంత్రం ఏడున్నరకు కారిడార్లోకి వస్తే కనిపించే దృశ్యమే. ముందు సైకిలు మీద పిల్ల, వెనక గిన్నె పట్టుకున్న తల్లి. అయిదేళ్లొచ్చినా గోరుముద్దలే. పరుగెత్తే ఓపిక లేని ఇళ్లలో ఫోను చేతికిస్తారు. కళ్లు పాటలో, నోరు ముద్దలో. కడుపు నిండిందో లేదో ఆ పిల్లకే తెలియదు. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని, ఆ తర్వాత అయిదేళ్లలోపు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో చెప్పింది. మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాట కూడా అదే.

కొత్త కూర చూస్తే మొహం తిప్పుకోవడం రెండేళ్లు దాటాక మొదలయ్యే మామూలు దశ. ఒక కొత్త రుచి నచ్చడానికి ఎనిమిది నుంచి పదిహేనుసార్లదాకా పళ్లెంలో కనిపించాల్సి రావచ్చు. మనం రెండోసారికే ‘మావాడు బెండకాయ తినడండీ’ అని ఊరంతా చాటుతాం. వాడు వింటాడు. ఆ బిరుదు నిలబెట్టుకోవడం వాడి బాధ్యత అయిపోతుంది. అమెరికా పోషకాహార నిపుణురాలు ఎలిన్ సాటర్ సూత్రం ఇక్కడ అక్కరకొస్తుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దవాళ్ల నిర్ణయం. తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లల నిర్ణయం. ముద్దకో మొక్కు మొక్కుకునే మన అమ్మలకు ఈ రెండో సగం మింగుడుపడటం కష్టమే. కానీ ఇంటిల్లిపాదీ కూర్చున్నచోట తనకూ ఒక చిన్న కంచం పెట్టి, ఎవరూ తనవైపు చూడకుండా తింటుంటే, పిల్ల పక్క కంచంలోంచి అప్పడం లాక్కోవడంతో మొదలుపెట్టి పప్పుదాకా వస్తుంది.

అన్నం తినలేదని, దానికి బదులు పూటపూటా సీసాడు పాలు పట్టడం మరో తప్పుదారి. రోజుకు అర లీటరు దాటి పాలు తాగే పిల్లలకు ఆకలీ ఉండదు, పాలలో ఇనుమూ పెద్దగా ఉండదు. దీని దెబ్బ ఊహించనిచోట బయటపడుతుంది.

యశోద నోరు తెరిపించి చూసింది, మనమో...

మట్టి, సున్నం పెళ్లలు, బలపాలు, పచ్చి బియ్యం. కొందరు పిల్లలు వీటిని దొంగచాటుగా కమ్మగా నమిలేస్తుంటారు. ఏడాది పిల్లాడు అందిందల్లా నోట్లో పెట్టుకోవడం సహజమే. రెండేళ్లు దాటాక కూడా నెలకు మించి అదేపనిగా మట్టి తింటుంటే దాన్ని చిలిపితనం కింద కొట్టేయకూడదు. తరచూ దాని వెనక ఇనుము లోపం ఉంటుంది. యశోదమ్మ నోరు తెరిపించి చూస్తే బ్రహ్మాండం కనిపించింది. మనం రక్తపరీక్ష చేయిస్తే తక్కువ హిమోగ్లోబిన్ కనిపించే అవకాశమే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలలనుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. దేశం మొత్తమ్మీద 67. నవ్వుకుని వదిలేసే అలవాట్ల జాబితాలోంచి దీన్ని వెంటనే తీసెయ్యాలి.

గుక్కపట్టి ఏడ్చే పిల్లల సంగతీ ఇదే. ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి బిగబట్టి, పెదాలు నీలంగా మారి, ఒక్కోసారి స్పృహ తప్పుతారు. చూసేవాళ్ల ప్రాణాలు పైపైనే పోతాయి. చాలావరకు నిమిషంలోపే తేరుకుంటారు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, గట్టిగా కుదపకూడదు, నోట్లో నీళ్లు పోయకూడదు. మొదటిసారి జరిగినప్పుడు మాత్రం డాక్టరుకు చూపించి తీరాలి. వీళ్లలోనూ కొందరికి ఇనుము లోపం ఉంటుంది, అది సరిచేస్తే గుక్కపట్టడం తగ్గుతుంది. అంగన్‌వాడీల్లో, ఆశా కార్యకర్తల దగ్గర ఈ వయసు పిల్లలకు వారానికి రెండుసార్లు వేసే ఐరన్ సిరప్ ఉచితంగా ఇస్తారు. ఏడాది దాటినవాళ్లకు నులిపురుగుల మాత్ర కూడా. అవి ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

మాట వచ్చింది కాబట్టి: ముక్కులో శనగగింజ, పూస దూర్చుకున్న పిల్లాడికి ఇంట్లో పిన్నీసుతో వైద్యం చేయకండి. మింగింది గుండ్రటి బటన్ బ్యాటరీ అయితే రేపటిదాకా ఆగే పనే లేదు. రెండు గంటల్లోనే అది అన్నవాహికను కాల్చేయగలదు. ముక్కులో ఇరుక్కున్నా అంతే తొందరపడాలి.

‘నేను కాదు, పిల్లి!’

గోడ మీద కాటుకతో ఏనుగును గీసి, చేతినిండా కాటుకతో నిలబడి ‘నేను కాదు, పిల్లి’ అంటుంది మూడేళ్ల పిల్ల. అబద్ధాలకోరు అవుతుందేమోనని బెంగ అక్కర్లేదు. కెనడాలో కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ చాలాసార్లు చేసిన ప్రయోగం ఒకటుంది. వెనక ఒక బొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి గదిలోంచి వెళ్లిపోతారు. ఎక్కువమంది పిల్లలు తిరిగి చూసేస్తారు. ‘చూశావా?’ అని అడిగితే మూడేళ్లవాళ్లలో దాదాపు సగంమంది, నాలుగు దాటినవాళ్లలో ఇంకా ఎక్కువమంది చూడలేదంటారు. ఎదుటివాళ్లకు తెలిసింది వేరు, నాకు తెలిసింది వేరు అన్న ఎరుక కలిగితేగానీ అబద్ధం పుట్టదు. ‘ఎవరు గీశారు?’ అని తెలిసీ అడగడం మన అతితెలివి. ‘కాటుక గోడకంటింది, గుడ్డ తెచ్చుకో, తుడుద్దాం’ అంటే అబద్ధానికి చోటే లేదు. పెద్దల తీరు పిల్లాడి కంటికి ఎంత విడ్డూరంగా ఉంటుందో ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ చదివినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

బూతుమాట మొదటిసారి పలికినప్పుడు మామయ్యలంతా పగలబడి నవ్వుతారు. ‘ఇంకోసారి అనరా’ అని వీడియో తీస్తారు. వారం తర్వాత పెళ్లిలో, పురోహితుడి ముందు అదే మాట అంటే వీపు మోగుతుంది. వాడికి అర్థం కాని సంగతి ఒక్కటే: మాట మారలేదు, మరి నవ్వేది పోయి దెబ్బెందుకు పడింది? మొదటిరోజు ఎవరూ నవ్వకుండా ఉంటే చాలా మాటలు ఆ వారంలోనే రాలిపోతాయి.

బొటనవేలు చీకడాన్ని రెండుమూడేళ్లదాకా పట్టించుకోకపోయినా నష్టం లేదు. చాలామంది నాలుగేళ్లలోపు తమంతట తామే మానేస్తారు. వేపాకు పసరు పూయడం కంటే నిద్రవేళ చేతికి ఒక మెత్తటి బొమ్మ ఇవ్వడం నయం. అయిదేళ్లలోపు పక్క తడపడం జబ్బు కాదు. అందరిముందూ ఎగతాళి చేస్తే తగ్గాల్సింది ఇంకొన్నాళ్లు సాగుతుంది.

ఇవి కాక, పేరుపెట్టి పిలిచినా పలకకపోవడం, రెండేళ్లు నిండినా రెండు మాటలు కలిపి అనలేకపోవడం, వచ్చిన మాటలు పోవడం, పేచీ వచ్చినప్పుడల్లా తనను తాను గాయపరుచుకోవడం లాంటివి కనిపిస్తే ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమేలే’ అన్న ఓదార్పు మీద ఆధారపడొద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా కేంద్రాల్లో ఏర్పాటైన సత్వర చికిత్స కేంద్రాల్లో ఉచితంగా చూస్తారు. తొందరపడి వెళ్లినందువల్ల పోయేది ఒక పూట సెలవే.

మూడో అర్జీ

రోజంతా సాగిన పేచీల్లో సగానికి మూలం ముందటి రాత్రి నిద్రలో ఉంటుంది. ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్లవాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మన ఇళ్లలో సీరియళ్లు, భోజనాలు, వీడియో కాల్‌లో అమెరికా పెదనాన్న పలకరింపు అయ్యేసరికి పదకొండు. పొద్దున్న ఏడింటికి ప్లేస్కూలు కోసం లేపుతాం. లెక్క ఎక్కడ తప్పిందో చూస్తూనే ఉన్నాం.

తొమ్మిదికల్లా దీపం ఆర్పి చూడండి. వెంటనే అర్జీలు మొదలవుతాయి. ‘అమ్మా, నీళ్లు.’ ‘అమ్మా, సుస్సు.’ ఈ రెండూ పడుకోబోయే ముందే తీర్చేసి, ఒక్క కథ చెప్పి, ఇక లేచేది లేదని ముందే చెబితే వారంలో చాలా ఇళ్లు దారిలో పడతాయి. అయినా మూడో అర్జీ ఒకటి వస్తుంది. దుప్పటి వేడిగా ఉందనో, దిండుకు దాహమేస్తోందనో. అది దాదాపు ఎప్పుడూ నాన్న దగ్గరికే వస్తుంది. ఆ వేళకు ఇంట్లో ఫోను వెలుగులో మేలుకుని దొరికేది ఆయనొక్కడే.